ఇస్త్రీ వదిన కంచం

ఇంట్లో ఆకుకూర వండిన రోజున ఇస్త్రీ వదినకు దక్కేది, ఉప్పు చూడ్డానికి అరచేతిలో వేసుకున్న బొట్టు మాత్రమే. పెళ్లయిన నాటి నుంచీ ఇదే తంతు. మొగుడికి వడ్డించి, పిల్లలిద్దరికీ వడ్డించి, తాను కూర్చునేసరికి గిన్నె అడుగు తళతళలాడుతూ కనిపించేది. పండు కోస్తే ముక్కలు వాళ్లవి, టెంక ఆమెది. "అమ్మకి టెంకంటేనే ఇష్టం" అని పిల్లలు ఎంత గట్టిగా నమ్మారంటే, చివరికి ఆమె కూడా నమ్మేసింది. ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. మరి అన్యాయం ఎక్కడుంది అంటారా? అన్యాయాలన్నిటిలో ఇదే గడుసుది. అమ్మ ప్రేమ అని పేరు పెట్టుకుని దర్జాగా తిరుగుతుంది.

ఆమె పనిచేసేది లాండ్రీలో. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి ఆరాక ఆమె బల్ల మీదికి చేరతాయి. ఆవిరి ఇస్త్రీపెట్టె ఆమె చేతికొచ్చిందంటే ముడతకు నూకలు చెల్లినట్టే. అందుకే వీధి వీధంతా ఆమెకు ఇస్త్రీ వదిన అన్న పేరు ఖాయం చేసింది.

యాభై దగ్గరపడుతుండగా ముట్లుడిగాయి. ఉన్నట్టుండి గుండెల్లోంచి సెగ లేచి, మెడ మీదుగా నెత్తికెక్కేది. బయట ఆవిరి, లోపల నిప్పు. కిటికీ తెరుద్దామంటే, దుమ్ము పడి దుప్పట్లు మాస్తాయని యజమాని ఏనాడో దానికి మేకులు కొట్టించాడు. రాత్రి కంటి మీద కునుకుండదు. జలుబు వదిలితే దగ్గు, దగ్గు వదిలితే జ్వరం. ఒకటి వెళ్తూ వెళ్తూ ఇంకొకదాన్ని కాపలా పెట్టి వెళ్లినట్టుండేది.

ఓసారి సెలవు నుంచి తిరిగి రాగానే యజమాని పిలిచాడు.

"చూడమ్మా, నీ పనికి వంక పెట్టను. కానీ ఆసుపత్రి దుప్పట్ల మీద దగ్గుతుంటే నా వ్యాపారం మంచమెక్కుతుంది. ఇంకోసారి జ్వరమని ఆగిపోయావంటే నీ బల్ల వేరేవాళ్లకిచ్చేస్తాను."

ఆ మాట జ్వరం కన్నా ఎక్కువ కాల్చింది. ఎవరి ముందూ చెయ్యి చాచకుండా తన కాళ్ల మీద తాను నిలబడ్డ చోటు ఆ బల్ల ఒక్కటే.

మొగుడు గడియారాలు బాగుచేస్తాడు. మాట పొదుపు, మనసు మెత్తన. సంగతి విని మర్నాడే ఒక బిళ్లల డబ్బా కొనుక్కొచ్చాడు. దాని మీద పచ్చటి ఆకు, ఎర్రటి పండు బొమ్మలు. 'ముట్లుడిగిన స్త్రీలకు మొక్కల యాంటీఆక్సిడెంట్లు, రోగనిరోధక శక్తికి' అని బంగారు అక్షరాలు.

"రోజూ వేసుకో. నీ బల్ల ఎక్కడికీ పోదు" అన్నాడు. ఆమె కళ్లు చెమర్చాయి.

డబ్బా చూస్తుండగానే ఖాళీ అయింది. దగ్గు మాత్రం కదల్లేదు.

అదిగో, అప్పుడు దిగింది ఆడపడుచు. బజార్లో కూరగాయలు, పండ్లు అమ్ముతుంది. నోరు విప్పితే వీధి చివరిదాకా వినపడుతుంది కాబట్టి అందరూ గంట అంటారు. అర్ధమొగుడు ఆడబిడ్డ అంటారు గానీ, ఈవిడ నిండు పోలీసు. ఖాళీ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"వదినా, రోజుకొకటి అని రాసుంది కదా. అప్పుడే ఎలా అయిపోయాయి? పల్లీల్లా నమిలేశావా ఏంటి?"

"నేనొక్కదాన్నే ఎలా వేసుకుంటాను? బలానికి మంచిదన్నారని మీ అన్నయ్యకొకటి, పిల్లలకి చెరొకటి ఇచ్చాను. మిగిలిన రోజున నేనూ..."

అంతే, గంట మోగింది చూడండి!

"అన్నయ్యా! నీకు ముట్లెప్పుడు ఆగిపోయాయిరా? కబురు పెట్టలేదే, పలకరించడానికి వచ్చేదాన్ని!"

పనిలో ఉండగా చేతిలో ఏం పెట్టినా తలెత్తకుండా మింగే మనిషాయన. ఇప్పుడు గడియారం మీద నుంచి తలెత్తి, కంటికున్న భూతద్దం తీసి తెల్లబోయి చూశాడు. "నాకొచ్చేదీ అదేనా? ఏదో విటమిన్ బిళ్ల అనుకున్నాను."

"నాకూ పొద్దుట్నుంచి ఒళ్లంతా సెగలుగానే ఉంది అత్తా" అన్నాడు పెద్దాడు. ఇల్లంతా పగలబడి నవ్వింది. ఇస్త్రీ వదిన కూడా నవ్వబోయి దగ్గింది. దాంతో గంట నవ్వు ఆగిపోయింది.

"నవ్వింది చాలు. మందుని కూడా అందరికీ వడ్డించి, మిగిలితే తిందామని కూర్చునే మనిషికి ఏ మందు పనిచేస్తుంది?"

మర్నాడు గంట కొట్టు మూసి వదినను ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది, రక్తం చూసింది. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, ఒంట్లో ఐరన్ అడుగంటింది. బిళ్లలు రాస్తుండగా గంట అందుకుంది: "డాక్టరుగారూ, ఎవరికీ పంచొద్దని కూడా రాయండి."

డాక్టరమ్మ నవ్వి, నిదానంగా చెప్పింది. "ముట్లుడిగాక హార్మోన్లు తగ్గుతాయి. రోగాలతో పోరాడే తీరు కూడా కొంత మారుతుంది. ఆకుకూరలు, రంగురంగుల కూరగాయలు, పండ్లు, పప్పులు, గింజలు రోజూ తినాలి. యాంటీఆక్సిడెంట్లు వాటిలోనే ఉన్నాయి. డబ్బాలో బిళ్లలు వాటికి సాటి అని నేను చెప్పలేను. అలాగని ఆకుకూర తింటే సెగలన్నీ మాయమైపోతాయనీ అనను. వాటికి వేరే వైద్యముంది, తగ్గకపోతే రండి. నిద్ర, నడక, గాలి ఆడే గది, ఇవీ కావాలి."

ఇంటికి రాగానే గంట తీర్పు చెప్పింది. "అన్నయ్యా, ఇవాళ్టి నుంచి వదినకి ముందు నువ్వు వడ్డించు. ఆ తర్వాతే మీ కంచాలు."

వెంట్రుకంత స్ప్రింగును జారకుండా బిగించే ఆయన చెయ్యి, గరిటె పట్టుకోగానే గురి తప్పింది. కూర సగం కంచంలో, సగం కింద. ఇస్త్రీ వదిన ముద్ద నోటి దాకా తెచ్చి, "పిల్లలకి ఉందో లేదో" అంటూ లేవబోయింది. చిన్నాడు భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. "ఉందమ్మా, తిను. పండు ముక్కలు కూడా నీవే. టెంక నాకిచ్చెయ్." ఆమె ఏడుస్తూనే కంచం ఖాళీ చేసింది.

అలవాటు పడ్డానికి చాన్నాళ్లు పట్టింది. ఒంట్లో కాస్త ఓపిక వచ్చాక, తోటి ఇస్త్రీ ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని యజమాని ముందు నిలబడింది.

"ఆ మేకులు పీకించండి బాబూ. కిటికీకి సన్నటి జాలీ కొట్టిస్తే దుమ్మూ రాదు, మా ప్రాణాలూ పోవు."

ఆయన గొణిగాడు, సణిగాడు, చివరికి పీకించాడు.

మళ్లీ చలికాలం వచ్చింది. ఆమెకు జలుబు చేసింది, కానీ దగ్గును పిలవకుండానే వెళ్లిపోయింది. బల్ల ఆమెదిగానే ఉంది. మేలు చేసింది ఆకుకూరో, ఐరనో, కిటికీయో, కమ్మటి నిద్రో తూచి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆమెకు ఆ లెక్కతో పనీ లేదు.

"ఆడపడుచు రూపంలో మా అమ్మే వచ్చింది" అంటుంది. "డబ్బా కొన్నందుకు మా ఆయనకీ రుణపడ్డాను. అది లేకపోతే నా జబ్బేంటో బయటపడేదే కాదు."

"దండకం తర్వాత చదువుదువుగానీ, ముందు ఆ జామపళ్లు తిను" అంటుంది గంట.

చదివి మెచ్చుకుని ఊరుకోకండి. ఈ పూటే మీ ఇంట్లో చివర ఎవరు కూర్చుంటున్నారో చూడండి. ఆమె చేతిలోని గరిటె తీసుకోండి. డబ్బా కొనే ముందు ఆమెను డాక్టరుకు చూపించండి. మీ దగ్గర ఆడవాళ్లు పనిచేస్తుంటే, వాళ్లు వచ్చి అడిగేదాకా ఆగకుండా మూసిన కిటికీలు తెరిపించండి. ఇక ఆ చివర కూర్చునేది మీరే అయితే, అమ్మా, మీ కంచంలో మీరే ముందు వడ్డించుకోండి. మిగిలినవాళ్లు కాసేపు ఆగితే కొంపలేమీ మునగవు.