సన్యాసి మాస్టారి ఫిజీ

మలేసియాలోని పోర్ట్ క్లాంగ్‌లో మా అబ్బాయి ఇంటి కిటికీ తెరిస్తే రేవుగాలి వస్తుంది. నిన్న ఆ గాలిలో ముక్కిన ఎండుకొబ్బరి వాసన వచ్చింది. ఒకచోట కూర్చోలేకపోయాను. వంటింట్లోకీ వరండాలోకీ తిరుగుతూనే ఉన్నాను. ఆ వాసన ముక్కుకు తగలడానికి ఎన్నో ఏళ్ళ ముందే దాని గురించి విన్నాను. 1952లో, బంటింగ్ దగ్గరి రబ్బరు ఎస్టేటు బడిలో, సన్యాసి మాస్టారు చెప్పిన ఫిజీ పాఠంలో. నాకప్పుడు పదకొండేళ్ళు.

ఫిజీ మా పుస్తకంలో లేదు. మాస్టారు పుట్టింది అక్కడ. విశాఖపట్నం వైపునుంచి చెరకు తోటల్లో కూలికి వెళ్ళిన దంపతుల బిడ్డ. తల్లి అక్కడే పోయింది. తండ్రి పిల్లవాణ్ణి స్వదేశానికి తెచ్చుకున్నాడు. పెద్దయ్యాక ఆయన మలయాకు వచ్చి మాకు పంతులయ్యారు. కూర్చుని పాఠం చెప్పగా నేను చూడలేదు. ఈ గోడనుంచి ఆ గోడకు నడుస్తూ, సముద్రంనుంచి లోపలికి చెప్పుకుంటూ వచ్చేవారు. ముందు అలలు విరిగే పగడపు గట్టు, తరువాత కొబ్బరి ఆరబెట్టే తీరం, అక్కడి ముక్కిన వాసన, ఆపైన చెరకు పొలాలు, మధ్యలో కొండలు. తూర్పున వాన, పడమట ఎండ.

"మొత్తం ఎన్ని దీవులు మాస్టారూ? సరిగ్గా సెప్పండి" అని పట్టుబట్టాను.

"మూడొందలకి పైనే అంటారు. నాను తిరిగి లెక్కెట్టినానేటే గుంటా! ఒక్కదాని మీదే పుట్టినాను."

అవి మలయాలో బ్రిటిషువాళ్ళు ఎమర్జెన్సీ పెట్టిన రోజులు. అడవిలోని కమ్యూనిస్టులకు తిండి అందకూడదని మేముండే కూలి లైన్ల ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె వేశారు. బియ్యం, ఉప్పు గేటు దాటకూడదు. పట్టుబడితే జైలు, లేదా ఇండియా ఓడ ఎక్కించేయడం. బడి మాత్రం కంచె బయటే ఉండిపోయింది. దాని వెనుక మేము మట్టితో ఫిజీని కట్టాం. పగడపు గట్టుకు సుద్దపొడి చల్లితే మాస్టారికి నచ్చలేదు. బూడిదలా ఉందన్నారు. మర్నాడు తువ్వాలు కొంగున రాళ్ళుప్పు మూటకట్టుకుని, మమ్మల్ని వెంటబెట్టుకుని గేటు దగ్గరకొచ్చారు. పాఠం సామాను కూడా తిండి లెక్కలోకి వస్తుందని ఆయనకు తోచనే లేదు.

కాపలావాడు మూట విప్పాడు. పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఎస్టేటు గుమస్తా, అందరూ కిరాణీ అని పిలిచే రామయ్య, మాస్టారి చెవిలో, "తప్పయిపోయిందని అనెయ్యండి లా. బతికిపోతారు" అన్నాడు, మలయా వాడుకలో మాట చివర "లా" తగిలించి.

"పాఠం తప్పెలాగవుద్ది రామయ్యా?"

ఆ పాఠమేదో చూద్దామని ఇన్‌స్పెక్టరు మట్టి ఫిజీ దగ్గరికి మమ్మల్ని నడిపించాడు. ఇదేమిటో పిల్లలనే చెప్పమన్నాడు. మాస్టారి చెయ్యి కానిస్టేబులు పట్టులో ఉంది.

"సెప్పవే అమ్మీ" అన్నారు మాస్టారు, నన్ను చూసి.

చెప్పాను. కిరాణీ ఇంగ్లీషులో అందించాడు. "ఇక్కడ తెల్లగా గట్టుండాల. ఆ ఉప్పు దానికే. అది నేకపోతే సముద్రం ఊరిని కొట్టేస్తాది." అక్కడ ఎవరుంటారని ఇన్‌స్పెక్టరు అడిగాడు. "ముందునుంచీ ఉన్న ఫిజీవోళ్ళు. చెరకుకి తెచ్చిన మనోళ్ళు. మాస్టారి అమ్మని అక్కడే పాతినారు."

ఇన్‌స్పెక్టరు బూటు తగలకుండా ఆ మట్టిదీవిని చుట్టి వచ్చాడు. ఉప్పు ఉంచేసుకుని మనిషిని వదిలేశాడు. ఎస్టేటు నడిపే తెల్లదొర మాత్రం వదల్లేదు. పోలీసుల కంట్లో పడ్డ పంతులు ఎస్టేటుకు అక్కర్లేదన్నాడు.

మాస్టారు ఇక ఫిజీకే పోతానని రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని వెళుతుంటే, కంచె లోపలినుంచి నేనూ పక్కనే నడిచాను.

"బాగా సెప్పినావు. మరి, మీ దేశం ఎలాగుంటాదని ఫిజీలో ఓ గుంట అడిగితే ఏటి సెప్తావు?"

చుట్టూ చూశాను. ఎటు చూసినా రబ్బరు చెట్లే. బస్సెక్కితే సముద్రం వస్తుందని విన్నానే గాని, చూడలేదు. "తెల్దు మాస్టారూ" అన్నాను.

"అయితే ఎల్లి సూడు" అని ఆగకుండా నడిచిపోయారు. ఆయన ఫిజీ చేరారో లేదో ఈనాటికీ తెలియదు.

1957 ఆగస్టు 31న మలయా అంతా "మెర్డెకా", అంటే స్వతంత్రం, అని కేకలు వేస్తుంటే నాకు గొంతు కలపబుద్ధి కాలేదు. స్వతంత్రం వచ్చింది, అది వచ్చిన దేశాన్నే నేను చూడలేదు. ఆ వారమే నాన్నను పీడించి సముద్రం చూశాను. ఉద్యోగం వచ్చాక సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కాను. ఇపో ఊరి సున్నపురాతి కొండలు, తూర్పు తీరంలో వర్షాకాలపు అలలు. పెళ్ళీ పిల్లలూ వచ్చినా కాళ్ళు నిలవలేదు. మా దేశంలోనే సముద్రానికి అవతలున్న బోర్నియో వైపు ఒక్కటే మిగిలింది. అక్కడి కుచింగ్‌కు టిక్కెట్టు తీయమని నిన్న రాత్రి మా అబ్బాయితో అన్నాను.

"ఆ మోకాళ్ళతోనా? మీ దేశం ఎలా ఉంటుందని ఇప్పుడు నిన్నెవరు అడుగుతారమ్మా?" అన్నాడు.

"అడిగినాక ఎల్తే ఏటి లాభం రా? తియ్యి లా."