ముద్ర ఎవరి జేబులో ఉంది

మా ఇంగ్లీషు సారు పోయారని మొన్న పొద్దున్నే ఫోన్ వచ్చింది. నేనప్పుడు పంచాయతీ ఆఫీసు తాళం తీస్తున్నాను. ఆ తాళంచెవి నా చేతికి రావడానికి కారణం ఆయనే కాబట్టి నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఆయన నాకు బడిలో చెప్పిన సారు కారు. నా చదువు పదో తరగతితో ఆగింది. మా ఊళ్లో సర్పంచ్ సీటు ఆడవాళ్లకు వచ్చినప్పుడు మా ఆయన నా పేరు పెట్టారు, నేను గెలిచాను. కుర్చీలో మాత్రం ఆయనే కూర్చున్నారు. పంచాయతీ ముద్ర ఆయన చొక్కా జేబులోనే ఉండేది. ఇంటికొచ్చిన కాగితాల మీద సంతకాలు పెట్టి నేను అల్లం చేనుకు పోయేదాన్ని. చుట్టుపక్కల ఊళ్లలోనూ అదే పద్ధతి కనుక తప్పనిపించలేదు.

ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి రాసిన ఇంగ్లీషు కాగితంలో నా పేరు పక్కన తెలియని మాటొకటి కనబడింది. అర్థమడిగితే కార్యదర్శి పేజీ తిప్పేశాడు. నాకు ఒళ్లు మండింది. ఆ అక్షరాలు అరచేతిలో రాసుకొని జహీరాబాద్ బస్సెక్కాను. అక్కడ హైవే పక్కన ఓ రిటైరైన సారు పెద్దవాళ్లకు కూడా ఇంగ్లీషు చెబుతారని విన్నాను.

సారు నా చెయ్యి చూశారు. "నామినల్లీ. అంటే నామ్‌కే వాస్తే. పేరు ఒకలది, పని ఇంకొకలది అయినప్పుడు వాడ్తరు. ఇగ దీంతోని నీ సొంత వాక్యం రాయి బిడ్డా."

ఆయన పద్ధతే అంత. పుస్తకంలో వాక్యం పనికిరాదు, ఎవరి బతుకులోది వాళ్లే రాయాలి. బాగుంటే ఎర్ర పెన్నుతో టిక్కు. మధ్యలో లారీ హారన్ మోగితే ఆగి, అది పోయాక ఆగిన మాట దగ్గరే మొదలుపెట్టేవారు.

'నేను నామినల్లీ సర్పంచ్‌ను' అని రాసిచ్చాను.

"వాక్యం కరెక్టే. టిక్కు మాత్రం పెట్ట."

"ఎందుకు సార్?"

"ముద్ర ఎవరి జేబుల ఉన్నది?"

"మా ఆయన జేబుల."

"గది నీ సంచిలకు వచ్చినంక, ఆ మాట కొట్టేసి తీస్కరా. అప్పుడు పెడ్త."

ఇంటికెళ్లి మా ఆయన్ను ముద్ర అడిగాను. "గ్రామసభల నువ్వేం మాట్లాడ్తవ్?" అన్నారు.

"బోరు కాడ లైన్ల నిలవడేది నేను. బోరు గురించే మాట్లాడ్త."

రెండు రోజులు ముఖం ముడుచుకున్నారు. సభ రోజు పొద్దున ముద్ర తెచ్చి నా టిఫిన్ డబ్బా మీద పెట్టారు. "తీస్కో. గడబిడైతే నన్నడగకు."

సభలో బోరు గురించి మాట్లాడటానికి లేచాను. జనం అలవాటుగా ఆయన వైపే చూశారు. ఆయన నేల చూశారు. కొత్త మోటారుకు తీర్మానం అయితే అయింది కానీ, ఆ కంగారులో ముద్ర తలకిందులుగా వేశాను. కార్యదర్శి నవ్వాడు.

సిగ్గుపడుతూనే ఆ కాగితం నకలు, కొట్టేసిన మాటతో నోట్‌బుక్కు పట్టుకెళ్లాను. సారు కళ్లద్దాలు సర్దుకొని చూశారు. "తలకిందులైతే ఏంది, వేసింది నువ్వే గదా." టిక్కు పెట్టారు. సర్పంచ్‌గా గెలిచిన రోజు కూడా నాకంత సంతోషం కలగలేదు.

అప్పటి నుంచి పని మీద జహీరాబాద్ పోయినప్పుడల్లా ఆయన దగ్గర కూర్చునేదాన్ని. పోయిన వారం అదే మాటతో ఇంకో వాక్యం రాశాను: 'మా సారు నామినల్లీ రిటైరయ్యారు.' సారు చదివి నవ్వారు. "దీన్ని జర ఆలోచించాలె, నోట్‌బుక్కు ఈడనే పెట్టిపో."

మొన్న వాళ్లింటికి వెళ్తే కోడలు నన్ను ముందుగదిలోకి తీసుకెళ్లింది. "రాత్రి బువ్వ తినే దాకా గివే దిద్దుకుంట కూసున్నడు అక్కా" అంది.

బల్ల మీద అందరి నోట్‌బుక్కులూ ఉన్నాయి. పైన ఉన్నది నాదే, తెరిచి ఉంది. ఆ వాక్యం పక్కన ఎర్ర టిక్కు ఉంది. పెన్ను పక్కనే, మూత పెట్టకుండా.