గబ్బిలాలకు బేరం

మాస్కులు ముక్కు మీంచి గడ్డం కిందికి దిగిన ఆ రోజుల్లో, లోకంలో నాకంటే బాగా బేరమాడేవాడు లేడని నాకో గట్టి నమ్మకం ఉండేది. రాజాంలో బట్టల కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి మరి. మా నాన్న నేర్పిన చదువు ఒక్కటే: "నచ్చిన సరుకుని ముందు తిట్టాల్రా. మనసు పడ్డావని తెలిసిందా, అయిపోనావే." డిగ్రీ జువాలజీలో తెచ్చుకున్నాను గానీ (కాలేజీలో ఆ సీటొక్కటే మిగిలింది) నాకు నిజంగా వంటబట్టిన విద్య ఇదే.

మొదటి ఉద్యోగం గబ్బిలాల దగ్గర దొరికింది. వాటి ఒంట్లో కరోనా జాతి వైరస్‌లు ఏవేవి ఉన్నాయో, ఏ కాలంలో ఎక్కువవుతాయో వెతికే శాస్త్రవేత్త మా మేడమ్. గబ్బిలాలు మేత ముగించుకుని తెల్లవారి చెట్లకు చేరే వేళకి, ఒళ్లంతా కప్పుకుని, కింద ప్లాస్టిక్ పట్టాలు పరిచి, పడిన రెట్టను బుల్లి సీసాల్లోకి ఎత్తడం నా పని. (పెళ్లి సంబంధాలవాళ్లతో మా అమ్మ "ల్యాబులో ఉద్యోగం" అని అక్కడితో ఆపేసేది.) రాజాం పక్క పల్లెలో ఒక మామ్మగారి చింతతోపు దొరికింది. అందులో కాయలకంటే గబ్బిలాలే ఎక్కువ. ఏడాది పొడుగునా, నెలనెలా, ఆ తోపులోనే రెట్ట ఎత్తాలి. మధ్యలో గబ్బిలాలు లేచిపోతే ఏడాది పని మట్టిలో కలిసినట్టే. "వెళ్లి అనుమతి అడిగి రా. అంతే. ఇంకేమీ మాట్లాడకు" అని మరీ మరీ చెప్పి పంపింది మేడమ్.

అడగ్గానే 'సరే' అనిపించుకుని వచ్చేయడమా! మా ఇంటా వంటా లేదు.

మామ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "ఏటి బాబూ, ఎవరి తాలూకా?" అంది. ఫలానా బట్టల కొట్టువారి అబ్బాయినని గర్వంగా చెప్పి, తోపుకేసి చూసి మొహం చిట్లించాను.

"ఏటి మామ్మా ఈ గబ్బిలాయిలు! కంపు, రొద, రెట్ట. పైగా వీటి ఒంట్లో కరోనా ఉంటాదంట. ఇలాటివాటి కింద మేం పట్టాలు పరిచి, రెట్టని సీసాల్లోకి ఎత్తుకుంటామంటే, అది మీ అదృష్టం."

చేతులు కట్టుకుని, ఆవిడ దిగిరావడం కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆవిడ అసలు ఏమీ అడగనేలేదన్న సంగతి నాకు తట్టలేదు.

మామ్మ చేతిలో పని ఆపింది. "నిజివేనా? మా మావగారి నాటి నుంచీ ఉన్నాయి. ఇవి బెదురుతాయని దీపావళికి ఒక్క టపాకాయి కాల్చనీలేదు నేను. ఇంత సెడ్డవని తెలీక పోయినాది." లోపలికి తిరిగి కేకేసింది: "ఒరే పెద్దోడా! గొడ్డలి తియ్యి. కొమ్మలన్నీ కొట్టించెయ్యాల!"

కొమ్మల్తో పాటు గబ్బిలాలు, వాటితో పాటు మేడమ్ పని, దాంతో పాటు నా ఉద్యోగం, అన్నీ వరసగా కూలుతున్నట్టు కనిపించాయి. నోటితో తిట్టిన సరుకును అదే నోటితో అమ్ముకోవాల్సిన గతి పట్టింది.

"ఆగు మామ్మా! అన్ని కరోనాలూ ఒకటి కావు. వీటివి మనకి అంటుతాయో లేదో సూడ్డానికే వచ్చినాం. వీటిని ముట్టుకోకుండా, ఇవి కొరికిన పళ్లు తినకుండా ఉంటే సాలు. కొమ్మలు కొడితే బెదిరి ఊరంతా సెదిరిపోతాయి, అదీ ముప్పు! అడివిలో ఇత్తనాలు సల్లేవి ఇవే. ఎంత మంచి గబ్బిలాయిలు మామ్మా!"

"ఇందాకా కంపన్నావు?"

"కంపే మామ్మా. మంచి కంపు."

మామ్మ పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఎంతకీ ఆపదే! "నా పెళ్లినాటి నుంచీ మీ కొట్టుకే వస్తన్నాను బాబూ. ఏ సీరనీ తిట్టకుండా కొన్లేదు. నువ్వు మొహం సిట్లించినప్పుడే తెలిసిపోనాది, ఇవి నీకు ఎంత కావాలో. పెద్దోడు ఇంట్లో లేడు, పొలానికెళ్లినాడు. ఇప్పుడు నా బేరం ఇను. నెలనెలా నువ్వే రావాల. ఆ సీసాల్లో ఏటి దొరికినాదో, మంచైనా సెడ్డైనా, ముందు నాకు సెప్పాల. ఆ సెట్ల కింద మా మనవలు ఆడుకుంటారు."

మారుమాట లేకుండా ఒప్పుకున్నాను. ఇలా ఒప్పుకోవడం నా జన్మలో అదే మొదలు.

ఒక నెల సీసాల్లో గబ్బిలాల కరోనా ఒకటి దొరికింది. అది మనుషులకు అంటిన జాడ ఎక్కడా లేదని మేడమ్ చెప్పింది. ఇచ్చిన మాట ప్రకారం వెళ్లి చెప్పాను. "పాపం, వాటికి జొరం గానీ వచ్చినాదా?" అని అడిగి, రాలేదని తెలిసి ఊపిరి పీల్చుకుని, ఆ సాయంత్రమే తోపు చుట్టూ కంచె కట్టించి మనవల ఆట వీధిలోకి మార్చింది. ఆ రోజు చేతులు కట్టుకుని నిలబడ్డప్పుడు నాకు ఇంత తెలివి ఉండి ఉంటే ఎంత బాగుండేది!

ఏడాది ముగిసింది, సీసాలూ ముగిశాయి. నేనిప్పుడు నిజంగానే ల్యాబులో కూర్చునే ఉద్యోగిని. అయినా రాజాం వెళ్లినప్పుడల్లా కాళ్లు ఆ అరుగు దగ్గరికే పోతాయి. మొన్న వెళ్తే మామ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, ఇలాగైపోనావు! ఆ బొజ్జేటి, ఆ బట్టతలేటి! సూడ్డానికే బాలేదు, ఎందుకొచ్చినావు?" అంది.

అరుగు మీద ఆవిడ పక్కనే కూలబడి, "ఇంకో రెండు తిట్టు మామ్మా" అన్నాను.