మా అవ్వకు అందని బల్ల

పోయిన ఆదివారం, ఇప్పుడు నేను కొడుకింట్లో ఉంటున్న జనగామలో, మా మందిరంలో ఆరాధనకు ముందు యువకుల కోసమని ఒక చర్చ పెట్టారు. దేవుని వాక్యం అన్ని కాలాలకూ అన్ని దేశాలకూ ఒక్క తీరుగా వర్తించే సంపూర్ణ సత్యమా, లేక రాసిన కాలాన్నీ చోటునూ బట్టి అర్థం చేసుకోవలసిన సాపేక్ష సత్యమా అన్నది అంశమట. వేదిక మీద మా తమ్ముడు నిలబడి ఉన్నాడు. తమ్ముడంటే మా చిన్నాయన కొడుకు, ఇప్పుడు నలుగురూ పిలిచి మాట్లాడించుకునే పెద్ద పాస్టరు. ప్రతి వచనాన్నీ దాని కాలంలో పెట్టి చదవాలి, ఆచారం వేరు సత్యం వేరు అని అతను చల్లగా చెబుతుంటే పిల్లలు తలలూపుతున్నారు, ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మోకాళ్ల నొప్పి కూడా మరిచిపోయి లేచి బయటికొచ్చి చెప్పుల దగ్గర నిలబడ్డాను. వెనకాలే వచ్చిన కోడలు నీళ్ల సీసా అందించి, బీపీ మాత్ర వేసుకున్నారా అత్తమ్మా అని అడిగింది. మాత్రతో తగ్గే కోపమైతే ఎన్నడో తగ్గేది.

నా ఈడు వాళ్లకు ఈ కోపం అర్థమవుతుంది కాబట్టి చెబుతున్నాను. మా అవ్వ, అంటే మా కన్నతల్లి, కేసముద్రం మార్కెట్ యార్డులో ధాన్యం తూర్పారబట్టే కూలికి పోయి మా అక్కచెల్లెళ్లిద్దరినీ పెంచింది. నేను పుట్టకముందే బాప్తిస్మం తీసుకుని, బొట్టు తీసేసి, తలలో పువ్వు పెట్టుకోవడం మానేసి, చిన్ననాటి నుంచి ప్రాణంగా ఆడిన బతుకమ్మను కూడా వదిలేసింది. ఏటా పండుగనాడు వాడకట్టు ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొడుతుంటే ఆమె మా గడప మీద కూర్చుని చూసేది, పాదం బొటనవేలు మాత్రం తనకు తెలియకుండానే ఆ పాటకు కదిలేది. అడిగితే లేదని బుకాయించేది. చదువు రాదు, మేము చదివి వినిపించిన వచనాలు కంఠతా పట్టింది, పట్టినదాన్ని పట్టినట్టే నమ్మింది. నెలకొకసారి, మొదటి ఆదివారం, మా దగ్గర బల్ల ఇస్తారు. ప్రభువు శరీరానికి గుర్తుగా చిన్న రొట్టె ముక్క, రక్తానికి గుర్తుగా ఒక గుక్కెడు ద్రాక్షరసం. ఆ రోజు అవ్వ పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా, ఉతికిన తెల్లచీర కట్టుకుని, ముసుగు వేసుకుని, అందరికంటే ముందు వెళ్లి చాప మీద కూర్చునేది. నెలంతా పడ్డ కష్టానికి ఆమె కోరుకున్న కూలి అదొక్కటే అనిపించేది నాకు.

తమ్ముడి చిన్నతనంలోనే చిన్నాయన పోతే వాణ్ణి కూడా మా అవ్వే సాకింది. తన కంచంలో బువ్వ వాడి కంచంలోకి తోసి, తనకు ఆకలి లేదనేది. పెద్దయ్యాక కోస్తా వైపు వెళ్లి బైబిలు చదువు చదువుకుని, మా కేసముద్రం సంఘానికే పాస్టరుగా వచ్చాడు. వస్తూ వస్తూ అక్కడి మాటను కూడా తెచ్చుకున్నాడు. ఇంట్లో ఏందే, ఎట్లనే అనేవాడు వేదికెక్కగానే ఏమండీ, చూడండీ అని రాగాలు తీసేవాడు. మన మాటను సినిమాల్లో రౌడీల చేతా పనిమనుషుల చేతా పలికించి నవ్వుకున్న రోజులు మనందరికీ తెలిసినవే, మనవాడే సిగ్గుపడి మన మాటను మందిరం గుమ్మం బయట విడిచిపెడితే ఇంకెవరిని అనగలం. మా అవ్వకు మాత్రం అదంతా ముచ్చటగానే ఉండేది, నా కొడుకు ఎంత సక్కగ మాట్లాడుతున్నడో చూడమనేది.

అప్పటికి జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లా. నేను మానుకోట దగ్గర ఒక బడిలో పంతులమ్మను, అవ్వతోనే కేసముద్రంలో ఉండేదాన్ని. ఆ ఏడు తెలంగాణ కోసం సమ్మె మొదలై బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి, రైలు పట్టాల మీద వంటలు వండుకుని తిన్నాము. సరిగ్గా బతుకమ్మ రోజుల్లోనే, పట్టాల మీద కూర్చున్న పిల్లలను పోలీసులు వ్యాన్లలో వేసుకుని పోయారు. వాళ్లలో మా పక్కింటామె కొడుకు ఒకడు. ఆ సాయంత్రం వాడకట్టు ఆడవాళ్లంతా బతుకమ్మలు పేర్చుకుని, పండుగ చేసినట్టూ ఉంటుంది, పిల్లలను విడిచిపెట్టమని అడిగినట్టూ ఉంటుందని స్టేషను ముందుకు బయలుదేరారు. పక్కింటామె మా గుమ్మం దగ్గర ఆగింది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

“వదినా, నా కొడుకును ఎత్తుకపోయిన్రు. నువ్వు రావా?”

మా అవ్వ ఇంకేమీ అడగలేదు. చెంగు నడుముకు దోపుకుని ఆమె వెంట నడిచింది. అక్కడ తంగేడు పువ్వుల చుట్టూ అందరితో కలిసి తిరిగింది, చప్పట్లు కొట్టింది, ఒక్క అడుగు కూడా తప్పలేదు. నేను పక్కన నిలబడి చూశాను కాబట్టి చెబుతున్నాను, ఆమె దేనికీ దండం పెట్టలేదు, పసుపు ముట్టలేదు, ప్రసాదం తినలేదు. పక్కింటామె చెయ్యి మాత్రం విడవలేదు.

తర్వాత వచ్చిన మొదటి ఆదివారం మా తమ్ముడు విగ్రహారాధన మీద ప్రసంగం చేశాడు. వాక్యం మారదు, కాలం మారినా మారదు, ఉద్యమం పేరు చెప్పినా మారదు అన్నాడు. పువ్వుల చుట్టూ తిరిగిన వాళ్లు సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకునేదాకా బల్లకు దూరంగా ఉండాలన్నాడు. పువ్వుల చుట్టూ తిరిగింది ఆ మందిరంలో ఒక్క మా అవ్వే. అయినా ఆమెకు ఆ మాట తన గురించేనని తోచలేదు. ఎప్పటిలాగే కళ్లు మూసుకుని దోసిలి పట్టింది. రొట్టె పళ్లెం తెచ్చిన సంఘపెద్ద ఆమె దాకా వచ్చి, ఒక్క క్షణం తడబడి, ఆమెను దాటి పక్కామెకు ఇచ్చాడు. కళ్లు తెరిచేసరికి పళ్లెం వరుస చివరన ఉంది. ఆ ఖాళీ దోసిలిని ఏం చేయాలో తెలియక మెల్లగా ముసుగు కింద దాచుకుంది. ఇన్నేళ్లయినా అది తలుచుకుంటే నాకు పళ్లు పటపటమంటాయి.

సాయంత్రం తమ్ముడు ఇంటికొచ్చాడు. ఇంట్లో కాబట్టి మన మాటలోనే మాట్లాడాడు. “పెద్దమ్మా, ఒక్క మాట చాలు. తప్పయిందను. వచ్చే నెల నా చేతులతోటే ఇస్త.”

అవ్వ తల అడ్డంగా ఊపింది. “తప్పయిందని నాకు అనిపిస్తలేదు కొడకా. దాని కొడుకును ఎత్తుకపోతే దానెంబడి పోయిన, గంతే. అనిపియ్యంది దేవుని ముందట ఎట్లనాలె? అబద్ధసాక్ష్యం చెప్పొద్దని నువ్వే గదా చెప్పేది.”

నేనైతే అంత నెమ్మదిగా ఊరుకునే రకం కాదు. గుమ్మం దాకా వెళ్లి నిలదీశాను. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని పౌలు రాశాడు గదా, మరి మరదలు ప్రతి ఆదివారం మైకు పట్టుకుని మగవాళ్లకు కూడా బోధిస్తుందేమని అడిగాను. అది ఆ కాలపు ఆచారమక్కా, ఆ ఊళ్లో ఉన్న గొడవలను బట్టి రాసిండు అన్నాడు. నీ పెండ్లాం మాట్లాడితే ఆ కాలపు మాట, మా అవ్వ ఆడితే కలకాలపు మాటనారా అన్నాను. వాడి ముఖం ఎర్రబడింది. కొత్తగా వచ్చిన విశ్వాసులు ఇండ్లల్ల కొట్లాడి, అయినోళ్లను వదులుకుని అన్నీ మానేసి వచ్చారు, పాస్టరు పెద్దమ్మే ఆడిందని తెలిస్తే వాళ్లకేం చెప్పాలని అడిగాడు. అందులో కొంత న్యాయం లేకపోలేదు, ఇప్పటికీ ఒప్పుకుంటాను. కానీ ఆ కొత్తవాళ్లకు ధైర్యం చెప్పడానికి ముసలిదాని నోటి దగ్గరి రొట్టె లాక్కోవాలా?

అవ్వ మాత్రం మందిరం మానలేదు. నేను మానెయ్యమన్నాను, వేరే సంఘానికి పోదామన్నాను, ఒకసారి తిండి కూడా మానేసి అలిగాను. దేవుడు వాని ఇంట్ల పుట్టిండా, వాని మీద కోపంతోని దేవుణ్ణి ఎందుకిడుస్త అని మొదటి ఆదివారం వస్తే ఉపవాసముండి మరీ వెళ్లేది. పళ్లెం దాటిపోయేది. ఇంటికొచ్చి చద్దిబువ్వ కలుపుకుని గోడవైపు తిరిగి తినేది. రాష్ట్రం వచ్చిందని ఊరంతా రంగులు చల్లుకున్న రోజు కూడా, పక్కింటామె కొడుకు నాయకుడిలా మెడలో కండువాతో వచ్చి కాళ్లు మొక్కితే నవ్వింది గానీ, ఆ తర్వాతి ఆదివారం మళ్లీ అదే తంతు.

చివరికి మంచాన పడ్డాక భూపాలపల్లిలో చెల్లె ఇంటికి తీసుకుపోయాము. మరిది బొగ్గుగనిలో పనిచేసేవాడు, దవాఖాన దగ్గరగా ఉండేది. అక్కడి సంఘం పాస్టరు, మంచి మనిషి, రోగులకు ఇంటికే వచ్చి బల్ల ఇచ్చేవాడు. ఒక రోజు పొద్దున రొట్టె, రసం తెచ్చి అవ్వ మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేశాడు. ఆయనకు ఏమీ తెలియదు. నేనూ చెల్లే ఒకరి ముఖం ఒకరం చూసుకుని, ఆయనకు చెప్పొద్దనుకున్నాము. ఇక రెండు క్షణాలు ఆగితే అయిపోయేది. అవ్వ కళ్లు తెరిచింది.

“అయ్యా, మా దగ్గర నాకు ఇయ్యద్దన్నరు. గది నీకు తెల్వాలె గదా.”

ఆయన చెయ్యి ఆగిపోయింది. మా తమ్ముడితో మాట్లాడి, వీలుంటే ఎల్లుండే వస్తానని, రొట్టెను మళ్లీ గుడ్డలో చుట్టుకుని వెళ్లాడు. ఎల్లుండి దాకా అవ్వ లేదు. ఎందుకు చెప్పినవే అవ్వా అని చెల్లె శవం మీద పడి ఏడ్చింది. సమాధి దగ్గర తమ్ముడే ప్రార్థన చేసి, ఇంతటి విశ్వాసురాలు మన సంఘంలో ఇంకొకరు లేరని వెక్కి వెక్కి ఏడ్చాడు. బతికుండగా బువ్వ పెట్టనోడు సచ్చినంక గోదానం చేసిండట అని అక్కడే అందరి ముందూ అనేశాను. మా ఇద్దరి మధ్య చాలా ఏళ్లు మాటల్లేవు.

ఇప్పుడు బతుకమ్మ సర్కారు పండుగ. వాడకట్టుల్లో మైకులు పెడుతున్నారు, మా కోడలు ఆఫీసులో ఆడి ఫోటోలు దిగి వస్తుంది, పండుగ శుభాకాంక్షలు చెబుతూ మా తమ్ముడి ఫోటో కూడా నా ఫోన్‌కు వచ్చింది. మన మాటకు కూడా గౌరవం వచ్చింది కాబట్టి వేదిక మీద అండీలు పోయి, వాడు నవ్వుతూ మన యాసలోనే ప్రసంగిస్తున్నాడు. ఇవన్నీ రావాలనే కదా మనమంతా రోడ్డెక్కింది, సంతోషమే. అయితే వచ్చినవన్నీ చూస్తుంటే ముసుగు కింద దాచుకున్న ఆ ఖాళీ దోసిలే గుర్తొస్తుంది.

పోయిన ఆదివారం ఆ చర్చ అయిపోయాక బల్ల కూడా ఉంది. కోడలు బతిమాలితే లోపలికి వెళ్లి కూర్చున్నాను. తమ్ముడే పళ్లెం పట్టుకుని వచ్చాడు, కోడలికి ఇచ్చాడు, నా ముందు ఆగి అక్కా అన్నాడు. వాడికీ ముసలితనం వచ్చింది. నేను చెయ్యి చాచలేదు, ముందుకు పొమ్మని తల ఊపాను. వాక్యం సంపూర్ణమో సాపేక్షమో ఆ పిల్లలే తేల్చుకుంటారు, వాళ్లకు తీరిక ఉంది. నేను చూసినంతలో దాన్ని ఒక్క అక్షరం అటూ ఇటూ చేయకుండా నమ్మింది మా అవ్వ ఒక్కతే, రొట్టె లేకుండా పోయింది కూడా ఆమె ఒక్కతే.