ఓడలో ఉన్నవాళ్ళు ఎవరి మనుషులు?

మ్యాపు మేడం అంటే ఆ కాలేజీలో తెలియనివాళ్ళు లేరు. చంకలో చుట్టిన ప్రపంచపటం లేకుండా ఆవిడ క్లాసులో అడుగుపెట్టేది కాదు. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి మరీ వాడేది. పద్దెనిమిదేళ్ళుగా మొదటి సంవత్సరం పిల్లలకు ప్రపంచ రాజకీయాలు చెబుతోంది: యుద్ధాలు, ఆంక్షలు, సరిహద్దులు, శరణార్థులు. "పేపర్లో మొదటి పేజీ వదిలేసి ఆటల పేజీకి దూకేవాళ్ళంతా నా శత్రువులే" అని నవ్వించేది.

ఆవిడకున్నది ఒక్కగానొక్క తమ్ముడు. అమ్మానాన్నలు పోయాక తనే పెంచి పెద్దచేసింది. అతను సరుకుల ఓడలో ఇంజను మెకానిక్కు. ఒక వేసవిలో ఒక జలసంధి కోసం రెండు దేశాలు కొట్లాటకు దిగాయి. అతనున్న ఓడను అందులో ఒక దేశపు నౌకాదళం ఆపేసింది.

మొదటి నెల రోజూ ఫోను చేసేవాడు. రెండో నెలకు గొంతు మారింది.

"అక్కా, మంచినీళ్ళు రోజుకు రెండు సీసాలే ఇస్తున్నారు. నువ్వేం కంగారుపడకు."

"కంగారుపడక డాన్సు చెయ్యమంటావేరా?"

అటునుంచి నవ్వు వినబడింది. ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి.

ఆవిడ సెలవు పెట్టి కాళ్ళరిగేలా తిరిగింది. విదేశాంగశాఖ గుమాస్తా ఫైలు తిరగేసి, "ఓడ రిజిస్టరైంది వేరే దేశంలో, దాని మీది జెండా మనది కాదమ్మా, ఆ జెండా వాళ్ళనే అడగండి" అన్నాడు. వాళ్ళ రాయబార కార్యాలయానికి వెళ్తే, జెండా మాదేగానీ యజమానిది వేరే దేశమన్నారు. యజమాని కంపెనీ ఫోను మోగుతూనే ఉంది, ఎత్తే దిక్కులేదు.

ఇదంతా ఆవిడ ఏటా చెప్పే పాఠమే. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న.

సెలవు అయిపోయి మళ్ళీ క్లాసుకు వెళ్ళాక ఆ పాఠం వంతు వచ్చింది. జెండా ఒకరిది, యజమాని ఇంకొకరు, సిబ్బంది మరో దేశంవాళ్ళు అంటూ చెప్పుకుపోతుంటే వెనక బెంచీ అమ్మాయి లేచింది.

"మరి ఓడలో ఉన్నవాళ్ళు ఎవరి మనుషులు మేడం?"

ఏటా ఎవరో ఒకరు అడిగేదే. మంచి ప్రశ్న అని మెచ్చుకుని ముందుకు సాగేది. ఈసారి పటం చుట్టి పక్కన పెట్టేసింది.

"మా తమ్ముడున్నాడమ్మా, ఆ జలసంధిలో ఆపేసిన ఓడలో" అంటూ కుర్చీలో కూలబడింది.

పిల్లలు ఆ వారంలోనే మూడు ప్రభుత్వాలకూ, నావికుల సంఘానికీ నూటపది ఉత్తరాలు రాశారు. ప్రభుత్వాలు 'మీ లేఖ అందింది' అని ఊరుకున్నాయి. సంఘం మాత్రం పట్టు విడవలేదు. ఓడ ఆగిన తొమ్మిదో నెలలో సిబ్బందిని దించి ఇళ్ళకు పంపారు.

ఆవిడ పొద్దుటి నుంచీ విమానాశ్రయంలో నిలబడింది. దిగినవాళ్ళలో తమ్ముడు లేడు. ఓడలో వంటచేసే పెద్దాయన ఆవిడను ఫొటోలో చూసినవాడే. గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు.

"ఓడను ఖాళీగా వదలకూడదంటమ్మా. ఇంజను చూడ్డానికి ఒకడు ఉండాలన్నారు. మెకానిక్కులు ఇద్దరే. రెండోవాడి భార్యకి నెలలు నిండాయని, మీవాడే ఉంటానన్నాడు."

"నన్నొక్క మాట అడగొద్దూ!" ఆవిడ ఆయన చొక్కా పట్టుకుని ఊపేసింది. "వాడికి నేను లేనూ? వెధవ, నన్నడగొద్దూ!"

పెద్దాయన చొక్కా విడిపించుకోలేదు. అలాగే నిలబడి ఏడ్చాడు.

ఇది జరిగి ఏడాదిన్నర. ఓడ కదల్లేదు. నెలకోసారి ఒక్క నిమిషం మాట్లాడనిస్తున్నారు. పోయిన నెల ఆ నిమిషమంతా తమ్ముడు దగ్గుతూనే ఉన్నాడు. "మాట్లాడరా" అని ఆవిడ అరుస్తుండగానే లైను తెగిపోయింది.