రెక్క కింద డిక్కీ

బెంగళూరు మహదేవపురలో మా ఆఫీసు పని, కార్ల మీదుగా గాలి ఎలా పారుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం. పాత అమెరికా రేసుకార్ల మీద ఆఫీసువాళ్లకు ఇంగ్లీషులో ప్రసంగం చేస్తానని నేనే ఎగేసుకుంటూ ఒప్పుకున్నాను. గాలిని చీల్చడానికి సూదిముక్కు, వెనక రెండు కాళ్ల మీద ఎత్తుగా నిలబెట్టిన రెక్క ఉన్న కార్లవి. వాటిని మామూలు జనానికి కూడా అమ్మితేగానీ రేసులోకి రానివ్వరన్నది అప్పటి నియమం.

నమూనా కోసం కాడుగోడిలో నా కారు సొట్టలు తీసే టింకరింగ్ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. తాతల నాటి నుంచీ బెంగళూరులో ఉంటున్న తెలుగాయన. ఫోటోలు చూసి వారంలో రేకుతో చేసిపెట్టాడు. రెక్క అంత ఎత్తెందుకో నేను మహాపండితుడిలా వివరించాను. ఆయన అంతా విని, "గాలి సంగతి నాకు తెలీదప్పా. రెక్క కిందికుంటే డిక్కీ తెరుచుకోదు గదా. కొన్నోడు సంచి యాడ పెట్టుకుంటాడు?" అన్నాడు. నవ్వేశాను. ఇంటికెళ్లి చదివితే, ఆ ఎత్తుకు అదీ ఒక కారణమని చెప్పుకుంటారట.

ప్రసంగానికి రమ్మన్నాను. చేసింది మీరేనని అందరి ముందూ చెప్తానని మాటిచ్చాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యను వెంటబెట్టుకుని వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు.

నేను నమూనా డిక్కీ తెరిచాను. మూత రెక్కకు తగలకుండా లేచింది. రెక్క ఎత్తు ఇందుకు కూడానన్నది నాకు తట్టిన విషయమని అనేశాను. చప్పట్లు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు. నమూనా ఎవరు చేశారని మేనేజరు అడిగితే, బయట చేయించానన్నాను. ఆయన్ని లేపి నిలబెడితే డిక్కీ మాట ఎవరిదో బయటపడుతుందని భయం. ఆయనకు ఇంగ్లీషు రాదులే అనుకున్నాను. షెడ్డుకు నానా దేశాలవాళ్లూ వచ్చే మనిషికి ఆ మాత్రం అర్థం కాదా, నా మొహం.

అయిపోయాక లిఫ్టు దగ్గర వాళ్ల వెనకే నిలబడ్డాను. ఆవిడ అడుగుతోంది, "మనం చేసినామని ఎప్పుడు చెప్పినాడు? నాకు తెలీలేదే."

"చెప్పినాడులే," అన్నాడాయన. "ఇంగ్లీషులో చెప్పినాడు."

ఆవిడ వెనక్కి తిరిగి, నాకు దణ్ణం పెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. నేనూ చేతులు జోడించాను.