సుజాత గడ్డ, మా మహేశ్ గడ్డ

ఇయ్యాల పక్కింటి సుజాతను చూసొచ్చిన. హైదరాబాద్ దవాఖానల ఆమె కిడ్నీల గడ్డకు పొడుగు సూది గుచ్చితే, గడ్డంతా మంచులెక్క అయ్యి చచ్చిపోయిందంట. పెద్ద కోత గూడ లేదు.

"మరి మా మహేశ్‌కు గట్ల ఎందుకు చెయ్యలేదే?" అని అడిగిన.

"నాది నిమ్మకాయంతే ఉండె అక్కా. కడుపునొప్పికి స్కానింగ్ తీస్తే జల్దీ దొరికింది" అని తల వంచుకుంది.

నా కొడుకు మహేశ్ బొగ్గుబాయి డ్యూటీ దిగొచ్చి "అమ్మా, మూత్రం ఎర్రగొస్తుంది" అంటే, వేడి చేసిందని మూడు నెలలు బార్లీ నీళ్ళు తాపిన. దవాఖానకు పోయేసరికి గడ్డ పిడికిలి దాటింది. మొన్న ఎండాకాలంల నన్ను ఇడిసి పోయిండు.

సుజాత బతికినందుకు సంతోషమే గాని, ఆమె ఇచ్చిన చాయ్ అట్లనే పెట్టి వచ్చిన.

మేమైనా బార్లీ నీళ్ళే తాపేటోళ్ళమని, అబద్ధమైనా సరే, ఒక్కరన్నా ఈ పోస్టు కింద రాయుండ్రి.